కేశరచన – ఛాయాచిత్రము: పూలజడ పటముపై ఒక పరిశీలన

తెలుగు కావ్యములలో కేశవర్ణనము లేని నాయికావర్ణనము అరుదు. తుమ్మెదల బారు, కారుమబ్బు, చీకటి, నెమలిపురి మున్నగు ఉపమానములు తరతరములుగా వచ్చుచునే యున్నవి. వీని ఔచిత్యమును గూర్చి మన విమర్శకులు చాలినంత వ్రాసిరి. కాని కవి వర్ణించిన ఆ కురులను దువ్వి, పాయలు తీసి, అల్లి, ముడిచిన చేతులను గూర్చి ఆలోచించినవారు తక్కువ. కేశరచన యను మాటలోనే రచన యున్నది. రచన యున్నచోట రచయిత ఉండి తీరవలెను. ఆ రచయిత ఎవరు? ఆ రచన ఎట్లు భద్రపడినది? ఈ ప్రశ్నలకు సమాధానమును కావ్యములందు కంటె ఛాయాచిత్రములందు వెదకుట సుకరమని నా అభిప్రాయము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములను ముఖ్యముగా దృష్టియందుంచుకొని, తెలుగునాట ప్రసిద్ధమైన పూలజడ పటమును, దానికి దగ్గరివియు దూరపువియునగు మరికొన్ని చిత్రపద్ధతులను ఇందు పరిశీలింతును.

ముందుగా ఒక మౌలికమైన చిక్కును గుర్తింపవలెను. మనుష్యుని శరీరములో అతడు తన యిచ్చ చొప్పున తీర్చిదిద్దుకొనగల భాగములలో జుట్టు ప్రధానమైనది. ముక్కును, కన్నులను ఎవరును మార్చుకొనజాలరు. జుట్టును మాత్రము ప్రతి ఉదయమును క్రొత్తగా కూర్చుకొనవచ్చును. కావున ఒక వ్యక్తి రూపచిత్రములో ముఖము ప్రకృతి ఇచ్చినది, కేశపాశము ఆ వ్యక్తి చేసినది. అయినను రూపచిత్రకళ ఎల్లకాలము ముఖమునే ఆశ్రయించినది. తెలుగు స్త్రీ జడ వీపున వ్రేలాడును, కొప్పు మెడ వెనుక నుండును. ముఖమును చూపిన జడ కనబడదు, జడను చూపిన ముఖము కనబడదు. ఒకే చోట నిలిచి ఒకే వైపు చూచు కెమెరాకు ఇది సహజమైన అవరోధము.

శిల్పికి ఈ చిక్కు అంతగా లేదు. పాలంపేట రామప్ప దేవాలయము 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినది. 2021లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. పాలంపేట 2016 నుండి 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో నుండి, నేడు ములుగు జిల్లాలో నున్నది. ఆ గుడి చూరుక్రింద ఏటవాలుగ నిలిచిన నల్లరాతి మదనికలను చూచువాడు ముందునుండి ముఖమును చూచి, నాలుగడుగులు ప్రక్కకు వేసి సిగను చూడవచ్చును. శిల్పము చుట్టు తిరుగు అవకాశము ప్రేక్షకునికి కలదు. ఛాయాచిత్రమునకు వెనుకవైపున ఉండునది కాగితము మాత్రమే. ఆ కాగితముపై స్టూడియో ముద్ర యుండునేమో గాని సిగ యుండదు.

ఈ అవరోధమును మన ఊళ్ళ స్టూడియోలవారు దాటిన విధమే పూలజడ పటము. దీనిని ఎరుగని తెలుగు కుటుంబము అరుదు. మల్లెల కాలమున గాని, రజస్వలయైనపుడు గాని, పెండ్లికి, సీమంతమునకు గాని బాలికకు లేదా యువతికి పూలజడ వేయుదురు. ముందు జుట్టును బిగువుగా అల్లుదురు. చాలనిచో సవరము చేర్తురు. పిదప మల్లెమొగ్గలను వరుసలుగా సూదిదారముతో జడపై కుట్టుదురు. నడుమ కనకాంబరములు, మరువము వేసి గళ్ళు తీర్తురు. కొన్ని యిండ్ల మొగలిరేకులను మడచి కుట్టుదురు. నడినెత్తి వెనుక రాగిడి, దాని క్రింద చేమంతిబిళ్ళ, పాపటకు ఇరువైపుల సూర్యచంద్రులు, జడ కొసను కుప్పెలు. ఈ పని పూర్తియగుటకు గంటలు పట్టును. మరునాటికి పూవులు వాడును. కావున అదే సాయంకాలము ఆ బాలికను స్టూడియోకు తీసికొనిపోవుదురు.

అక్కడ ఛాయాచిత్రకారుడు ఒక నిలువుటద్దమును తెచ్చి పెట్టును. ఈ పటములలో రెండు తీరులున్నవి. మొదటి తీరులో బాలిక మనవైపు తిరిగియుండును. ఆమె వెనుక అద్దములో జడ కనబడును. రెండవ తీరులో ఆమె మనకు వీపు చూపి నిలుచును. జడ ప్రత్యక్షముగను, ముఖము అద్దములోను కనబడును. మొదటిదానిలో జడ ముఖమునకు అనుబంధము. రెండవదానిలో ముఖమే జడకు సాక్ష్యము. ఈ భేదము చిన్నది కాదు. రెండవ తీరు పటమున ప్రధాన వస్తువు జడయే యని చిత్రకారుడును, తీయించుకొన్నవారును అంగీకరించినట్లే యగును. ‘ఇది ఈమె జడ’ యని చెప్పుటకే అద్దములోని ముఖము.

ఇందులోని పనితనము తక్కువది కాదు. అద్దమును సూటిగా నిలిపినచో అందులో కెమెరాయు, దీపమును పడును. కావున కొంత వాలుగా నిలుపవలెను. అద్దములోని ప్రతిబింబము అద్దమునకు వెనుక, వస్తువు ఎంత దూరముననున్నదో అంత దూరమున నున్నట్లే కెమెరాకు తోచును. ముఖమును స్పష్టపరచిన జడ మసకబారును, జడను స్పష్టపరచిన ముఖము మసకబారును. రెండును స్పష్టముగ పడవలెనన్న కటకపు రంధ్రమును చిన్నది చేసి, ఆ లోటును దీపముల వెలుగుతో పూరింపవలెను. చిన్న పట్టణముల స్టూడియోలవారు ఈ శాస్త్రమును గ్రంథములందు చదివియుండకపోవచ్చును, చేతితో నేర్చిరి. నలుపు తెలుపుల కాలపు పటములలో మరియొక విశేషము కలదు. అందు బంగారమును, గిల్టునగయు ఒకే బూడిదవన్నెగా పడును. మల్లెమొగ్గ మాత్రము నల్లని జుట్టుపై తళతళలాడును. నగ తేలేని యింటి బాలికయు ఆ పటములో నగలున్న యింటి బాలికకు తీసిపోదు.

ఈ సమస్యకే మరియొక ఖండమున మరియొక పరిష్కారము లభించినది. నైజీరియా దేశీయుడగు జె. డి. ఒఖాయ్ ఒజైకెరె (1930–2014) 1968 నుండి తన దేశపు స్త్రీల కేశరచనలను నలుపు తెలుపులలో చిత్రించుట మొదలుపెట్టి, దశాబ్దములపాటు శ్రమించి సుమారు 1000 చిత్రములను సేకరించెను. వానిలో అధికభాగము వెనుకనుండి తీసినవి. ముఖము కనబడదు. సాదా తెర, సమమైన వెలుగు, నడుమ ఒక తల. పాయల మధ్య తెల్లని గీతలవలె తీసిన పాపటలు, దారము చుట్టి నిలబెట్టిన కుచ్చులు, గోపురమువలె కట్టిన ముడులు శిల్పములవలె కనబడును. ఒజైకెరె కేశరచనల పేర్లను కూడ గ్రహించెను. నైజీరియా 1960లో స్వతంత్రమైనది. ఆ పిదపటి దశాబ్దమున దేశీయమగు కేశాలంకరణమునకు క్రొత్త గౌరవము కలిగినది. ఆ గౌరవమునకు అతని చిత్రములు సాక్ష్యములు.

ముఖమును విడిచిన ఒజైకెరె ఆ స్త్రీలను అగౌరవపరచెనా? ముఖమును చూపినంతమాత్రమున గౌరవించినట్లగునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు మన దేశమున బ్రిటిషు ప్రభుత్వ కాలమున వెలువడిన జాతివర్ణన గ్రంథములను చూడవలెను. 1868–1875 నడుమ 8 సంపుటములుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ యందు, ఎడ్గార్ థర్‌స్టన్ కె. రంగాచారి తోడ్పాటుతో 1909లో 7 సంపుటములుగా ప్రకటించిన దక్షిణభారత కులముల వర్ణనమందు మనుష్యులు తరచుగా కెమెరాకు ఎదురుగనే కూర్చుండిరి. ముఖము స్పష్టము. కాని చిత్రము క్రింద సాధారణముగ ఉండునది కులనామము. మనిషి పేరు కాదు. జుట్టు అక్కడ జాతిలక్షణము. తల కొలతతో పాటు అదియు ఒక కొలత. దానిని ఆ ఉదయమున ఎవరో దువ్విరని, అల్లిరని, అందొక అభిరుచి కలదని ఆ గ్రంథము చెప్పదు.

ఒజైకెరె చిత్రమున ముఖము లేదు, రచనకు పేరున్నది. జాతివర్ణన చిత్రమున ముఖమున్నది, రచన గుర్తింపబడలేదు. కావున రూపచిత్రమునకు విలువ కట్టునపుడు మనము అడుగవలసినది ‘ముఖము కనబడుచున్నదా?’ యను ప్రశ్న కాదు. ‘ఈ రూపమును కూర్చినవారిని చిత్రము గుర్తించినదా?’ యను ప్రశ్న. ఈ వ్యాసమున నేను ప్రతిపాదించు ప్రమాణము ఇదియే. ఈ ప్రమాణముతో చూచినపుడు అద్దమును తెచ్చిన మన స్టూడియో చిత్రకారుడు ముఖమును, రచనను రెంటిని నిలిపినవాడై ఉన్నత స్థానమును పొందును.

హైదరాబాదు రాజ్యమున స్త్రీల రూపచిత్రములకు మరియొక చరిత్రయు కలదు. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడగు రాజా దీన్‌దయాళ్ (1844–1905) 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగ ఒక జనానా స్టూడియోను నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్లేయ వనితకు అప్పగించెను. స్త్రీ తన రూపమును తాను కోరి చిత్రింపించుకొనుటకు ప్రత్యేక స్థలము అవసరమని ఆనాడే గుర్తింపబడెను. కాని ఆ స్థలము సంపన్నులది. రైలుమార్గముపైనున్న జనగామ, మహబూబాబాదు వంటి ఊళ్ళలోను, బొగ్గుగనులతో పెరిగిన భూపాలపల్లిలోను స్టూడియోలు వెలసిన పిదపనే సామాన్య కుటుంబములకు ఆ అవకాశము చేరువైనది.

ఇక మహబూబాబాదు ప్రాంతపు తండాలకు వత్తము. అచటి లంబాడా స్త్రీల సంప్రదాయ కేశరచన తక్కిన తెలుగు స్త్రీల జడకు భిన్నమైనది. నుదుటికి ఇరువైపుల జుట్టును సన్నని పాయలుగా అల్లి చెంపలమీదికి దించుదురు. ఆ పాయలకు వెండి టోప్లీలను కట్టుదురు. వానినుండి ఘుగ్రీలు వ్రేలాడును. ఇవి వివాహితకు చిహ్నములు. ఈ రచన వెనుకనుండి చూచుటకు ఏర్పడినది కాదు; ఎదుటివాని కంటికి ఎదురుగ నిలుచునది. దీనికి అద్దము అక్కరలేదు. ఎదురుగ తీసిన ఏ చిత్రమునందైనను ఈ రచన సమగ్రముగ పడును.

ఈ సౌలభ్యమే వారికి కీడైనది. చిత్రించుట సులభమగుటచేత లంబాడా స్త్రీ ముఖము జాతివర్ణన గ్రంథముల నుండి నేటి పర్యాటక ప్రకటనల వరకు వేలసార్లు చిత్రితమైనది. ఆ చిత్రములలో టోప్లి వెలుగును, ముడుతలుపడిన ముఖము వెలుగును. ఆమె పేరు మాత్రము ఉండదు. టోప్లికి అర్థమున్నదని కూడ చూచువానికి తెలియదు. ఆ పాయలను అల్లినది తల్లియా, వదినెయా, తానేయా అని అడిగినవారు లేరు. గోర్‌బోలిలో ఆ రచనకు గల పదజాలము తెలుగు నిఘంటువులకు ఎక్కలేదు. చిన్న వయసువారు ఆ పాయలను విడిచి ఒంటిజడ వేసికొనుచున్నారు. నిత్యజీవితమునుండి తొలగుచున్న ఆ వేషము ఉత్సవములందును, అద్దెకు దుస్తులిచ్చు చోటులందును ఫొటోకై ధరించు వేషముగ మారుచున్నది. అర్థము పోయి అలంకారము మిగులుట యనగా ఇదియే. వరంగల్లుకు చెందిన గుడిమల్ల భరత్ భూషణ్ (2022లో మరణించెను) వంటివారు తెలంగాణ పల్లె స్త్రీలను వారి వాకిళ్ళలో, వారి పనిపాటల నడుమ దశాబ్దములపాటు చిత్రించి, దీనికి భిన్నమైన మార్గమును చూపిరి. ఆ మార్గమున స్త్రీ జాతికి మచ్చుగ కాక తన బ్రదుకులో తానుగ కనబడును.

పూలజడ పటమును ఇంతగ ప్రశంసించిన పిదప దానిపై రాదగిన ఆక్షేపములను దాటిపోవుట న్యాయము కాదు. మొదటి ఆక్షేపము: జడ వేయించుకొనుట బాలిక కోరిక కాదు, పెద్దల ఆజ్ఞ, రజస్వలయైన బాలికను పెండ్లి సంబంధములకు చూపుటకే ఆ పటము, ఇందు ఆత్మాభివ్యక్తి ఎక్కడ? ఈ మాటలో నిజమున్నది. ఈ పటములలో చాలమంది బాలికల ముఖములు బిగుసుకొనియుండును. గంటలకొలది కూర్చుండిన అలసట, కుట్టిన జడ బరువు ఆ ముఖములయందు చదువవచ్చును. కాని అభివ్యక్తి ఒకే మనిషిది కానక్కరలేదు. జడ వేసిన తల్లికి, అమ్మమ్మకు, మేనత్తకు, ఇరుగుపొరుగు స్త్రీలకు అది తమ నేర్పును చూపు అవకాశము. వారు పద్యము వ్రాయలేదు, బొమ్మ గీయలేదు. తమ అభిరుచిని మల్లెమొగ్గల గళ్ళలో కూర్చిరి. పటము వెనుక స్టూడియో పేరున్నది, పటములో బాలిక ముఖమున్నది. జడ కుట్టిన స్త్రీ పేరు ఎక్కడను లేదు. మన ప్రమాణముతో చూచిన ఈ పటమునకు గల లోపము ఇదియే. అద్దము రచనను చూపినది కాని రచయిత్రిని చూపలేదు.

రెండవ ఆక్షేపము మరింత గట్టిది. పూలజడకు పొడవైన, ఒత్తైన, నల్లని, సాఫీయైన జుట్టు కావలెను. ఎండలో కూలికి పోవు స్త్రీ నూనె లేని ఎర్రజుట్టు, ఉంగరములు తిరిగిన పొట్టిజుట్టు, వితంతువు తల — ఇవి ఈ పటమునకు రావు. కావ్యములందలి తుమ్మెదలును మేఘములును స్టూడియో తెరకు గూడ శాసనకర్తలైనవి. ఒక విధమైన జుట్టును అందమని స్థిరపరచుట తక్కిన జుట్లను అందము కాదని చెప్పుటయే. మన సమాజములో మరియొక వింత కలదు: నల్లని జుట్టును మెచ్చిన నాలుకయే నల్లని మేనిని చిన్నచూపు చూచును. రామప్ప మదనికలు నల్లరాతివగుటచే వారి అందమునకు లోటు కలిగినదని ఎవరును అనరు. ఆ వన్నెగల బాలిక పటమునకు మాత్రము స్టూడియోలో తెలుపు దిద్దుదురు.

ఈ విషయమున అమెరికాలోని నల్లజాతివారి అనుభవము మనకు పాఠము. తెల్లవారి జుట్టే ప్రమాణమైన సమాజములో వారు చిరకాలము తమ ఉంగరాల జుట్టును వేడిదువ్వెనలతో, క్షారములతో సాగదీసికొనిరి. 1962 జనవరి 28న న్యూయార్కు నగరమున హార్లెములో ‘నేచురల్లీ 62’ అను ప్రదర్శనము జరిగినది. సాగదీయని సహజమైన జుట్టుతో నల్లని మేనివన్నెగల యువతులు వేదికనెక్కిరి. ఆ ప్రదర్శనము ఏర్పాటుచేసినవారిలో ఒకడగు ఛాయాచిత్రకారుడు క్వామె బ్రాత్‌వేట్ (1938–2023) వారిని చిత్రించి, ‘నలుపు అందము’ అను నినాదమును దేశమంతట వ్యాపింపజేసెను. అందమును గూర్చిన ప్రమాణమును మార్చుటకు రూపచిత్రము సాధనమగునని అతడు నిరూపించెను. అయినను ఆ పోరాటము ముగియలేదు. పాఠశాలలలోను, ఉద్యోగములలోను జుట్టు స్వభావమునుబట్టి వివక్ష చూపరాదని కాలిఫోర్నియా రాష్ట్రము 2019లో ప్రత్యేక శాసనము చేయవలసివచ్చినది. జుట్టు చిన్న విషయమనువారు ఈ శాసనమును గుర్తుంచుకొనవలెను.

పూలజడ పటము ఉన్న ప్రమాణమును కొనియాడినది. బ్రాత్‌వేట్ చిత్రము ఉన్న ప్రమాణమును ఎదిరించినది. ఈ భేదమును మరచి రెంటిని ఒకే గాటను కట్టరాదు. అట్లని మనదానిని త్రోసివేయుటయు తగదు. తనకు అందుబాటులోనున్న అందమును నిలుపుకొనుట మొదటి మెట్టు. ఆ అందము ఎవరికి అందలేదో అడుగుట రెండవ మెట్టు. మన స్టూడియోలు మొదటి మెట్టు నెక్కినవి. రెండవ మెట్టు మనకింకను మిగిలియున్నది.

కేశరచనకు మరియొక కొస కూడ కలదు: విప్పిన జుట్టు. ఉద్యోగపర్వమున ద్రౌపది కృష్ణునికి తన కేశములను చూపిన ఘట్టము మనకు సుపరిచితము. ముడువని జుట్టు అక్కడ తీరని పగకు రూపము. కూచిపూడి భామాకలాపమున సత్యభామ తెరపై తన జడను వేయుట సవాలునకు రూపము. అల్లినదైనను విప్పినదైనను జుట్టు పలుకును. మేడారము సమ్మక్క సారలమ్మల జాతరకు రెండేండ్ల కొకమారు భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామ ప్రాంతముల నుండి జనము తరలిపోవుదురు. జంపన్నవాగున తలనీలాలిత్తురు. పూనకము వచ్చిన శివసత్తులు జుట్టు విరబోసికొని ఊగుదురు. పత్రికలలో ఏటేట అచ్చగు జాతర చిత్రములలో ఈ విరబోసిన జుట్టుకు పెద్ద స్థానమున్నది. కాని ఆ స్త్రీ చిత్రమునకై కూర్చుండలేదు. ఆ క్షణమున చూచువాని ఉనికియే ఆమె స్పృహలో లేదు. అది వార్తాచిత్రము కావచ్చును, రూపచిత్రము కానేరదు. రూపచిత్రమునకు తన్ను తాను ఎదుటివానికి సమర్పించుకొను సమ్మతి అవసరము. ఆ సమ్మతి లేనిచోట ఎంత సుందరమైన చిత్రమైనను విమర్శకుడు దానిని వేరు గాటనే కట్టవలెను.

పూలజడ పటము నేడు రూపు మారుచున్నది. తయారుగా దొరకు జడను తెచ్చి నిమిషములలో కట్టుచున్నారు. చేతిలోని ఫోను ముందునుండియు వెనుకనుండియు ఎన్ని చిత్రములనైనను తీయగలుగుటచే అద్దము అవసరము తీరినది. స్టూడియోలు మూతపడునపుడు పాత నెగటివులు చెత్తపాలగుచున్నవి. ఈ మూడు జిల్లాల ఇండ్లలో గోడలకు వ్రేలాడు పటములు తడికి మచ్చలుపడుచున్నవి. పరిశోధక విద్యార్థులు వెంటనే చేయదగిన పని యిచట కలదు. పటమును తిప్పి తేదీని, స్టూడియో పేరును వ్రాసికొనుట చాలదు. అందలి స్త్రీని, ఆమె లేనిచో ఆమె యింటివారిని కలిసి, ఆ జడ నెవరు వేసిరి, ఆ తీరునకు ఆ యూర ఏమి పేరు, పూవులెక్కడివి అని అడిగి, వారు సమ్మతించినంత మేరకు వ్రాసికొనవలెను. కీలుగంటు, ధమ్మిల్లము అను కావ్యపదములకు నిఘంటువులందు చోటున్నది. అయిదుకాళ్ళ జడకు, చుట్టముడికి, తండాలోని టోప్లికి అంతే చోటు దొరకవలెను. ముసలి స్త్రీల నోటనున్న ఆ పేర్లు వారితోనే పోవును. కవి చెప్పిన కురులకు వ్యాఖ్యానములు వ్రాసిన మన శాఖలు, ఆ కురులను అల్లిన చేతుల పేర్లను వ్రాసికొనుటకు ఇక జాప్యము చేయరాదు.